మోచేతుల బుచ్చన్న

బుచ్చన్న కొత్త మనిషిని చూస్తే పేరు అడగడు, ఊరు అడగడు, జీతం అసలే అడగడు. మోచెయ్యి నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటుందో అడుగుతాడు. ఎదుటి మనిషి తెల్లమొహం వేస్తే, "ఏం పర్వలేదు, శానమందికి ఎరుకుండది" అని ఓదార్చి, జేబులోంచి టేపు తీసి ఆ మనిషి పక్కన గొంతుక్కూర్చుంటాడు. కొలత చూసి, చెవి మీదున్న పెన్సిలు తీసి పుస్తకంలో రాసుకున్నాకే, "ఇంతకు నీ పేరేంది?" అంటాడు.

గల్ఫులో హాయిల్ ఊరి బయట సనాయియాలో, అంటే కార్ఖానాలన్నీ ఉండే పేటలో, అబూ నాసర్ గారి మంజరా ఉంది. మంజరా అంటే వడ్రంగి పని జరిగే చోటు. అక్కడ బుచ్చన్న ఏడేళ్ళుగా మిషన్ల బాగోగులు చూస్తున్నాడు. అతనిది మెట్‌పల్లి దగ్గర పల్లె, పుట్టుకతో వడ్రంగి పని, అవసరం కొద్దీ వెల్డింగు పని. అదే మంజరాలో లేతు మిషన్ మీద చెక్క తిప్పి బల్లలకు కాళ్ళు, స్టూళ్ళకు గుబ్బలు తీసే మహబూబ్ సుభానిది రాజంపేట. ఇద్దరివీ పక్కపక్క గదులు, వంటకు ఒకటే పొయ్యి. ఆ పొయ్యి కింద ఇటుకలు ఎన్ని ఉండాలో కూడా వండేవాడి మోచేతిని బట్టి మారుతూ ఉంటుంది. సుభాని వంతు రోజున రెండు ఇటుకలు, బుచ్చన్న వంతు రోజున మూడు.

"మనిషి ఎత్తు అని అందరు నెత్తి కాడికి కొలుస్తరు భాయ్," అంటాడు బుచ్చన్న. "నెత్తి ఏం పని చేస్తది? టోపీ పెట్టుకుంటది, గంతే. పని చేసేది చెయ్యి. చెయ్యి యాడ మడుస్తదో గదే మనిషి ఎత్తు."

ఈ సిద్ధాంతంతో అతను పెళ్ళి కూడా చేసుకున్నాడు. పెళ్ళిచూపుల్లో పెద్దమనిషి ఒకాయన, "పిల్లనేమన్న అడుగుతవా బిడ్డా" అంటే, గొంతు సవరించుకుని మోచెయ్యి ఎత్తు అడిగాడట. ముత్యవ్వ తల ఎత్తకుండానే, "నీ చెంపకు సక్కగ అందుతది" అన్నదట. ఆ జవాబుకే సంబంధం ఖాయం చేసుకున్నానని అతనే చెప్తాడు. పెళ్ళైన వారానికి ఆమె మోచేతికి సరిపోయేలా పొయ్యి గద్దె కట్టాడు. ఊళ్ళో ఆ ఈడు ఆడవాళ్ళందరికీ నడుం నొప్పులున్నాయి, ముత్యవ్వకి లేదు. ఫోన్లో ఈ సంగతి ఎత్తితే మాత్రం ఆమె మాట మార్చేస్తుంది.

అరబీలో మోచేతిని ఏమంటారో బుచ్చన్న ఏడేళ్ళలో నేర్చుకోలేదు. తన మోచెయ్యి ఎత్తి రెండుసార్లు తట్టి, "కమ్?" అంటాడు. కమ్ అంటే ఎంత అని. కూరగాయల సంతలో ముసలి రైతు ఒకాయన ఈ సైగ చూసి, ఈ హిందీ, అంటే ఇండియా మనిషి, తన చేతికి వెల కడుతున్నాడనుకుని బేరం లేదని తల అడ్డంగా ఊపాడు. అయినా చివరికి కొలత ఇవ్వకుండా పోలేదు. వేలిముద్రల ఆఫీసులో గుమాస్తాని కూడా బుచ్చన్న వదల్లేదు. మిషన్ నాలుగు వేళ్ళు కిందికుందని, రోజంతా వంగి వంగి ఆయన మెడ పోతుందని చేతులతో బోధించి వచ్చాడు. మరుసటిసారి వెళ్ళేసరికి ఆ మిషన్ కింద రెండు కాగితాల కట్టలు పెట్టి ఉన్నాయి. ఆ రోజు బుచ్చన్న అందరికీ చాయ్ తాగించాడు.

ఇంతమంది మోచేతులు దొరికినా, పక్కగదిలో ఉన్న మోచెయ్యి మాత్రం అతనికి ఏడేళ్ళుగా చిక్కలేదు. సుభాని కొలవనివ్వడు.

"బతికుండే మనిషిని కొలవగూడదు బుచ్చన్నా. ఆయుష్షు తగ్గుతుందని మాయమ్మ చెప్పేది."

"మరి దర్జీ కొలుస్తడు గద."

"దర్జీ గుడ్డ కోసం కొలుస్తాడు. నువ్వు దేనికి కొలుస్తాండావో నీకే తెలీదు."

"తెలుస్తది భాయ్. ముందుగాల కొల్త ఉంటే, అటెన్క పని అదే దొరుకుతది."

మొదట్లో సుభానికి అది ఉత్త సరదా. ఊరంతా ఇచ్చిన కొలత తానొక్కడే ఇవ్వకపోవడంలో చిన్న గొప్ప ఉంది. ఈ ఏడు రంజాన్ పండుగ దాటాక మాత్రం అందులో సరదా పోయింది. ఒకరోజు పొద్దున్నే లేచేసరికి ఎడమ భుజం పలగ్గొట్టలేని టెంకాయలా బిగుసుకుపోయింది. చెయ్యి బొడ్డు దాకా బాగానే పనిచేస్తుంది, ఉలి పట్టుకుంటుంది, అన్నం గిన్నె దించుతుంది. ఛాతీ దాటి పైకి ఎత్తబోతే మాత్రం కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఒక శుక్రవారం ఎవరికీ చెప్పకుండా దవాఖానాకి వెళితే, డాక్టరు భుజాన్ని అటూ ఇటూ తిప్పి, ఎముక విరగలేదని, కీలు పట్టేసిందని, కదిలించకపోతే ఇంకా బిగుస్తుందని చెప్పాడు. కదిలిస్తే ప్రాణం పోతోంది. సుభాని మాత్రలు తెచ్చుకుని బియ్యం డబ్బాలో దాచాడు.

దాచక ఏం చేస్తాడు. గల్ఫుకి వచ్చినవాళ్ళు ఇంటికి ఫోన్ చేసి వాన పడిందా అని అడుగుతారు గానీ తమకి జ్వరమని చెప్పరు. పని చోట అసలే చెప్పరు. కిందటేడు నడుం పట్టేసిన పాలిష్ మనిషికి రెండు వారాల్లో ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టించి ఊరికి పంపేశారు. అతను మంచి పనివాడు, అందరూ పాపం అన్నారు, మర్నాటి నుంచి అతని బ్రష్షు ఇంకొకడు పట్టుకున్నాడు. సుభాని కూతురు ఆసిఫా కడపలో ఫార్మసీ చదువుతోంది, ఇంకా రెండేళ్ళుంది. యాభై నాలుగేళ్ళ వయసులో, ఎత్తలేని చేత్తో రాజంపేటలో దిగితే ఆ చదువు అక్కడే ఆగిపోతుంది. భార్య మేరాజ్ బేగంకి కూడా అతను ఈ సంగతి చెప్పలేదు. చొక్కా తొడుక్కోవడానికి కూడా స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటున్నాడు.

పాత లేతు మిషన్‌కి స్విచ్చి పొట్ట ఎత్తులో ఉండేది కాబట్టి రెండు నెలలు గుట్టు నిలిచింది. అంతలో అబూ నాసర్ కొత్త మిషన్ తెప్పించాడు. దానికి స్విచ్చి మిషన్‌లో లేదు. వైరుకి వేలాడే చిన్న పెట్టెలో ఉంది. ఆకుపచ్చ బొత్తాం నొక్కితే తిరుగుతుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది, మధ్యలో వేగానికి గుండ్రటి మీట. పెట్టె వెనక అయస్కాంతం ఉంది, ఇనుము ఎక్కడుంటే అక్కడ అంటించుకోవచ్చు. బిగించడానికి వచ్చిన మనిషి దాన్ని మోటారు తల మీద, ఎడం పక్కన, సరిగ్గా భుజం ఎత్తులో అంటించాడు. కింద అంటిస్తే అదురుకు జారి పొట్టులో పడిపోతోందని రెండుసార్లు చూపించి మరీ పైన పెట్టి వెళ్ళాడు.

సుభాని ఆ పెట్టెని చూశాడు. కుడి చేత్తో అందుకోవాలంటే తిరుగుతున్న చెక్క మీదుగా చెయ్యి చాపాలి, అది ప్రాణం మీదికి తెచ్చుకునే పని. ఎడమ చేత్తో అందుకోవడం అతని వల్ల కాదు. చెక్క పగిలి ఎగిరినప్పుడు ఎర్ర బొత్తాం నొక్కలేని వాడిని మిషన్ ముందు ఎవరూ నిలబెట్టరు.

పైగా అబూ నాసర్ అందరినీ పిలిచి చెప్పాడు. ఒక పెద్ద అతిథిగృహానికి రెండు వందల నలభై బల్లకాళ్ళు కావాలి. వచ్చే గురువారం సుభాని తన ఎదుట మొదటి కాలు తీసి చూపించాలి. ఈ మిషన్ చేతకాదంటే సిగ్గుపడక్కర్లేదని, యాన్బులో ఇలాంటి మిషన్ మీద చేసిన మనిషి ఒకడు పని కోసం రోజూ ఫోన్ చేస్తున్నాడని మెల్లగా అన్నాడు. మెల్లగా అన్నందుకే సుభానికి ఎక్కువ భయం వేసింది.

బుచ్చన్న మాత్రం ఆ మాటలేవీ విన్నట్టు లేడు. అతను పెట్టె చుట్టూ తిరుగుతున్నాడు.

"గిది గోడకు బల్లి అంటుకున్నట్టు గీడ ఉండుడేంది? మనిషి పెట్టె కాడికి పోవుడు కాదు, పెట్టె మనిషి కాడికి రావాలె. దీనికో చెయ్యి చేస్త."

"ఏం చేస్తావు?"

"చెయ్యి భాయ్. మోచెయ్యి ఉన్న చెయ్యి. ఎటు తిప్పితే అటు తిరగాలె, ఎంత ఎత్తు కావాలంటే అంత ఎత్తుల నిలవడాలె."

ఆఫీసు పని చూసే హైదరాబాద్ కుర్రాడు జునైద్ నవ్వాడు. "అన్నా, మాగ్నెట్ ఉంది కదా. కంపెనీ వాళ్ళకి తెలీదా?"

"కంపెనోనికి నీ మోచెయ్యి ఎరికేనా?" అన్నాడు బుచ్చన్న, టేపు తీస్తూ.

మొదటి చెయ్యి చెక్కతో చేశాడు. చూడముచ్చటగా ఉంది. పెట్టె తగిలించగానే అది నెమ్మదిగా వంగి, ఇంకా వంగి, నేలకి దండం పెట్టి అక్కడే ఉండిపోయింది. రెండో చేతికి పాత కారు సీటు స్ప్రింగు వేశాడు. అది ఎంత కిందికి లాగినా పైకే పోతానంది. జునైద్ మురిపెంగా ముట్టుకుని వదిలాడు, అది లేచి అతని కళ్ళద్దాలని జిగురు డబ్బాలో వేసింది. కళ్ళద్దాలు కడుగుతూ జునైద్ ఉర్దూలో చాలా మాటలు అన్నాడు. బుచ్చన్న అవేవీ పట్టించుకోకుండా, దెబ్బ తగిలిన చోటు నేల నుంచి ఎంత ఎత్తో కొలుచుకున్నాడు.

మూడో చేతికి తుక్కు దుకాణంలో మంగలి కుర్చీ ఒకటి దొరికింది. దాని కీళ్ళు కోసి తెచ్చి, నాలుగు పలకల ఇనప గొట్టాలకి అతికాడు. మిషన్ కాలికి బిగించే నిలువు గొట్టానికి కింది నుంచి పై దాకా వేలెడు దూరానికొకటి చొప్పున పదిహేను కంతలు పొడిచాడు. ఏ కంతలో మేకు దూరిస్తే అడ్డ చెయ్యి ఆ ఎత్తులో నిలుస్తుంది. వాటిని మెట్లు అన్నాడు. తర్వాత సుభాని దగ్గరికి మూడు చెక్కముక్కలు తెచ్చాడు.

"భాయ్, బిగించేతందుకు గుబ్బలు కావాలె. గుప్పిట నిండా పట్టాలె. జోర్ లేకుండనే తిరగాలె."

"రెక్కల నట్లు బజార్లో పావలాకి దొరుకుతాయి కదప్పా."

"గవి తిప్పాలంటే ఏళ్ళు నొస్తయ్."

"ఎవరి వేళ్ళు?"

"ఎవలియైతేంది," అన్నాడు బుచ్చన్న. సుభాని విసుక్కుంటూనే పాత మిషన్ మీద మూడు గుబ్బలు తీసిచ్చాడు.

ఆ వారమంతా బుచ్చన్న కొలతలు వీర విహారం చేశాయి. సుభాని తప్ప మంజరాలో ఉన్న పదకొండు మందినీ మళ్ళీ కొలిచాడు. నీళ్ళ ట్యాంకరు డ్రైవర్ని కొలిచాడు, చాయ్ తెచ్చే మనిషిని కొలిచాడు. మిషన్ జోలికి ఎన్నడూ రాని జునైద్‌ని రెండుసార్లు కొలిచాడు. "మనిషి ఏడేండ్లల్ల కుంగుతడు, పాత లెక్కలు పనికిరావు" అని కారణం చెప్పాడు. రోజూ సాయంత్రం సుభాని గది ముందు కూడా వచ్చి నిలబడి, టేపు చప్పుడు చేసి వెళ్ళేవాడు. సుభాని లోపల దీపం ఆర్పేసి కూర్చునేవాడు. కొలవాలంటే చెయ్యి వంచమంటాడు, పక్కకి చాపమంటాడు, ఇక గుట్టు ఎక్కడ నిలుస్తుంది.

మంగళవారం మధ్యాహ్నం సుభాని ఆఫీసు గది పక్కగా పోతూ లోపలికి చూశాడు. బల్ల మీద బుచ్చన్న పుస్తకం తెరిచి ఉంది. జునైద్ అందులో పేర్లు, అంకెలు చూసి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాడు. ఒక్కొక్క పేరు పక్కన కుడి, ఎడమ అని రెండు గళ్ళు. సుభాని పేరు ఎదురుగా రెండు గళ్ళూ ఖాళీగా, ఎర్ర పెన్సిల్ గీతతో కనిపించాయి.

అప్పుడు సుభాని బుర్రలో ఇన్నాళ్ళ చిక్కుముడి విడిపోయినట్టనిపించింది. ఎవరి చెయ్యి ఎంత లేస్తుందో ఆఫీసుకి చేరవేయడానికే ఈ కొలతలు. పనికొచ్చే వాళ్ళెవరు, రాని వాళ్ళెవరు అని జాబితా తయారవుతోంది. పక్కగదిలో ఉండి, ఒకే గిన్నెలో పప్పు తిని, ఇదా ఈ మనిషి చేసే పని అనుకున్నాడు. భయపడ్డ మనిషికి రెండూ రెండూ కలిపితే నాలుగు ఎప్పుడూ రాదు, ఐదో ఆరో వస్తుంది. సుభాని నేరుగా వెళ్ళి అబూ నాసర్ ముందు నిలబడ్డాడు. బుచ్చన్న వారం రోజులుగా పని మానేసి బొమ్మ చేతులు చేస్తున్నాడని, ఇనుమంతా పాడు చేస్తున్నాడని, కొలతల పేరుతో అందరి పనీ ఆపుతున్నాడని చెప్పాడు. చెప్పి బయటికి వచ్చాక నోరు చేదుగా అనిపించింది. నీళ్ళు తాగినా పోలేదు.

అబూ నాసర్ కోపంగా షెడ్డులోకి వచ్చాడు. బుచ్చన్న అప్పుడే మూడో చెయ్యి బిగించి, పెట్టె తగిలిస్తున్నాడు. కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, నోరు తెరిచేలోపే అతను మోచెయ్యి ఎత్తి రెండుసార్లు తట్టి, "కమ్?" అన్నాడు. షెడ్డులో రంపాలన్నీ ఆగిపోయాయి. అబూ నాసర్ కాసేపు అతన్నే చూశాడు. తర్వాత, ఎందుకో ఆయనకే తెలియాలి, చెయ్యి వంచి ఇచ్చాడు. బుచ్చన్న కొలిచి, మేకు తీసి నాలుగో మెట్టు నుంచి ఏడో మెట్టుకి మార్చి, గుబ్బ తిప్పి, పెట్టెని ఆయన చేతి కిందికి లాగి వదిలాడు. అది వంగలేదు, ఎగరలేదు, పెట్టిన చోట నిలబడింది. అబూ నాసర్ దాన్ని ఎడమకి తోశాడు, కుడికి లాగాడు, కిందికి దించాడు, పైకి ఎత్తాడు. పావుగంట సేపు చిన్నపిల్లాడిలా ఆడుకున్నాడు. కోపం సంగతి ఎవరూ గుర్తు చేయలేదు. వెళ్ళేటప్పుడు, గురువారం ఈ చేతితోనే కాలు తీసి చూపించమని సుభానికి చెప్పి మరీ వెళ్ళాడు. చాడీ చెప్పి ఆపుదామనుకున్న దానికి తానే ముద్ర వేయించినట్టయింది సుభాని పని.

గురువారం వచ్చింది. సుభాని రెండు మాత్రలు వేసుకుని, మేరాజ్‌కి ఫోన్ చేసి వాన పడిందా అని అడిగి, షెడ్డుకి వెళ్ళాడు. అబూ నాసర్ కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మిగతా వాళ్ళు పని చేస్తున్నట్టు నటిస్తూ చూస్తున్నారు.

"జర గిటు జరుగు భాయ్," అన్నాడు బుచ్చన్న. టేపు తీయలేదు. పుస్తకం చూడలేదు. మేకు తీసి మూడో మెట్టులో దూర్చి, అడ్డ చేతిని లోపలికి మడిచి, పెట్టెని తెచ్చి సుభాని నడుము పక్కన, ఎడమ అరచేతికి జానెడు దూరంలో నిలిపాడు. పొట్టు పడే దారికి అది అవతల ఉంది. ఎర్ర బొత్తాం మీద అరచేతి వెడల్పు రేకు ఒకటి అతికించి ఉంది, తొడతో నెట్టినా మిషన్ ఆగుతుంది. అది అంతకుముందు లేదు.

సుభాని ఆకుపచ్చ బొత్తాం నొక్కాడు. చెక్క తిరిగింది. ఉలి ఆనించగానే పొట్టు రిబ్బన్లా లేచింది. మొదటి గుబ్బ వచ్చింది, మెడ వచ్చింది, కింది వంపు వచ్చింది. మధ్యలో ఒక ముడి దగ్గర చెక్క టక్కుమంది, తొడతో రేకు నెట్టాడు, మిషన్ ఆగింది. ముడి చూసి మళ్ళీ నడిపాడు. ఒక్కసారి కూడా భుజం లేపాల్సిన పని పడలేదు. అరగంటలో తీసిన కాలు అబూ నాసర్ చేతిలో పెట్టాడు. ఆయన దాని మీద వేలు నడిపి, యాన్బు మనిషికి ఇక ఫోన్ చేయొద్దని చెప్పమని జునైద్‌తో అన్నాడు.

సుభాని మిషన్ మీది పొట్టు దులిపాడు. వెళ్ళి దుంగ మీద కూర్చున్నాడు. జునైద్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"భాయ్, ఒకటి అడుగుతా. బుచ్చన్న ఈ హైట్లన్నీ నాతోని చార్టు చేయించిండు, మిషన్ పక్కన అంటిస్తడంట. ఎవరికి ఏ మెట్టు అని. లిస్టులో మీదొక్కటే కొలత లేదు. మరి మీకే అంత కరెక్టుగా ఎట్ల ఫిట్ అయింది?"

పుస్తకంలోని గళ్ళు దేనికో సుభానికి ఇప్పుడు తెలిసింది. తన నోటితో తాను అన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. ఆ పూట అన్నం సహించలేదు.

సాయంత్రం పొయ్యి దగ్గర బుచ్చన్న టమాట కోస్తుంటే వెళ్ళి నిలబడ్డాడు.

"బుచ్చన్నా, అబూ నాసర్‌కి నీ మీద చెప్పింది నేనే."

"ఎరికే."

"తెలిసినా ఊరుకున్నావా?"

"నువ్వు చెప్పకపోతే ఆయన షెడ్డుకే రాకపోవు. రాకపోతే ఆయనకు చెయ్యి చూపెట్టుడెట్ల? మంచి పనే చేసినవ్. ఉప్పు అందుకో."

సుభాని ఉప్పు డబ్బా కుడి చేత్తో అందించాడు. భుజం సంగతి చెప్పాలని నోటి దాకా వచ్చింది. బుచ్చన్న అడగలేదు. అడగని వాడికి ఎలా మొదలుపెట్టాలో తెలియక, టమాట పప్పులో చింతపండు వేస్తారా ఎవరైనా అని పోట్లాట పెట్టుకున్నాడు. ఇద్దరికీ ఆకలి వేసింది.

ఆ తర్వాత నెల రోజులు మంజరాలో బల్లకాళ్ళు గుట్టలుగా లేచాయి. చార్టు గోడకెక్కింది. మిషన్ జోలికి రాని వాళ్ళు కూడా ఊరికే వచ్చి తమ మెట్టు పెట్టుకుని, పెట్టెని చేతి కిందికి లాక్కుని చూసుకుని పోయేవాళ్ళు. చాయ్ మనిషి తనది ఐదో మెట్టు అని గర్వంగా చెప్పుకునేవాడు. అంతమంది కొలతల మధ్య ఒకడి చెయ్యి ఎందుకు మూడో మెట్టు దగ్గరుందో ఎవరికీ అనుమానం రాలేదు. సుభానికి ఇది కూడా ఆలస్యంగానే తట్టింది. ఒక్కడి కోసం చేస్తే ఆ ఒక్కడి వైపే అందరి చూపూ తిరిగేది.

అయితే మూడో వారంలో సుభానికి కొత్త బెంగ పట్టుకుంది. పెట్టె పైకి పోతున్నట్టుంది. మొదట్లో నడుం పక్కన ఉండేది, ఇప్పుడు డొక్క దగ్గర ఉంది. నొక్కాలంటే చెయ్యి కొంచెం లేపాల్సి వస్తోంది. మిషన్ ఎదగదు కదా, అంటే తానే కుంగుతున్నాడన్న మాట. మనిషి ఏడేళ్ళలో కుంగుతాడని బుచ్చన్న అననే అన్నాడు. ఆ శుక్రవారం సుభాని బుచ్చన్న టేపు దొంగిలించి, స్నానాల గదిలో గడియ పెట్టుకుని, ఆయుష్షు మాట అల్లాకి వదిలేసి, తన మోచెయ్యి తానే కొలుచుకున్నాడు. నలభై ఒకటింపావు అంగుళాలు. వారం తర్వాత మళ్ళీ కొలిస్తే నలభై ఒకటింపావే. పెట్టె మాత్రం ఛాతీ దగ్గరికి వచ్చింది.

"బుచ్చన్నా, నీ చెయ్యి చెడిపోయినాది. పెట్టె జరుగుతాంది."

"మిషన్ అదురుకు జరుగుతది భాయ్. ఇనుము గద."

"అదురుకు కిందికి జారుతుంది గానీ పైకెక్కుతుందా?"

బుచ్చన్న చెవి మీది పెన్సిలు సర్దుకున్నాడు.

"నువ్వే కదా మేకు మారుస్తాండేది."

"నాలుగు రోజులకొక మెట్టు," అని ఒప్పుకున్నాడు బుచ్చన్న. "మా అయ్యకు గిట్లనే బుజం వట్టింది. కదుపు బిడ్డా అంటె కదపడు, నొస్తది అంటడు. మా నాయినమ్మ ఏం చేసింది, ఆయన సద్దిబువ్వ ఉట్టి మీద పెట్టి, రోజుకింత తాడు పైకి కట్టింది. తినాలంటె చెయ్యి లేపాలె. నీకు ఉట్టి కట్టలేను గద. నువ్వేమో రోజుకు వందసార్లు పెట్టె నొక్కవడ్తివి."

సుభాని ఉలి కడిగే నెపంతో మొహం కడుక్కున్నాడు.

"నీకెట్లా తెలిసింది? నేను ఎవరికీ చెప్పలేదే."

"నువ్వెందుకు చెప్తవు. అసర్ నమాజుకు మీరందరు సాలు కట్టి నిలవడతరు. నేను ఎన్క దుంగల మీద చాయ్ తాగుకుంట కూసుంట. పండుగ దాటినంక చూస్తె, మొదాల చేతులు లేపుతరు గద, అందరియి చెవుల దాక పోతున్నయ్, నీ ఎడమది రొమ్ము కాడనే ఆగుతున్నది. నీ మోచేతుల ఎత్తు నేను ఏడేండ్ల సంది ఎన్కనుంచి చూస్తనే ఉన్న. నీ చెయ్యి ఏ మెట్టుకున్నదో నాకెరుకలేదా."

"అంటే ఆ టేపు పట్టుకుని రోజూ నా గది కాడికి వచ్చేది..."

"రాకపోతె నీకు డౌటస్తది. నేను రాకుంట ఉంటనా ఎన్నడన్న?"

సుభానికి నవ్వు వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో దగ్గు వచ్చినట్టు నటించాల్సి వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాడు, చాలామంది మంచివాళ్ళని చూశాడు. ఒక మనిషి తన నొప్పిని ఇంత ఓపికగా, ఇంత వెనక నుంచి చూసి, ఒక్క మాట పైకి అనకుండా ఉండటం చూడలేదు. ఆ సాయంత్రమే మేరాజ్‌కి ఫోన్ చేసి భుజం సంగతి మొత్తం చెప్పాడు. ఆమె మొదట తిట్టింది, తర్వాత ఏడ్చింది, ఆఖర్న బుచ్చన్నకి నిమ్మకాయ పచ్చడి పంపిస్తానంది.

ఆ పై నెలలో రెండు వందల నలభయ్యో కాలు తయారైన రోజున, అసర్ వేళకి మిషన్లు ఆగాయి. పెరట్లో చాపలు పరిచారు. సుభాని ఎప్పటిలా చివర కాకుండా ముందు వరసలో నిలబడ్డాడు. అల్లాహు అక్బర్ అనగానే చేతులు ఎత్తాడు. కుడి చెయ్యి చెవి దాకా వెళ్ళింది. ఎడమ చెయ్యి ఛాతీ దాటింది, భుజం దాటింది, కొంచెం వణికింది, ఆగలేదు. నొప్పి ఉంది గానీ అది దారి ఇచ్చే నొప్పి. నమాజు అయిపోయి సలాం చెప్పాక కూడా అతను కాసేపు చాప మీదే కూర్చున్నాడు.

లేచి వెనక్కి తిరిగేసరికి, దుంగల మీద బుచ్చన్న చాయ్ పక్కన పెట్టి, ఒక కన్ను మూసి, పెన్సిల్ని గాలిలో నిలువుగా పట్టుకుని అతని వైపే గురి చూస్తున్నాడు.

"ఎట్లుంది?" అన్నాడు సుభాని.

"మంచిగనే ఉంది భాయ్," అన్నాడు బుచ్చన్న పెన్సిల్ దించుతూ. "ఇంక రెండు వేళ్ళ మందం తక్కువున్నది. రేపు పదమూడో మెట్టుకు ఎక్కిస్త."